మూడు కూర్పరులూ ఒక ఫౌంటెనూ

ఆ రోజు పొద్దున వకుళ ఇంట్లో కాఫీమర ఏలకుల కాఫీ ఇచ్చింది. నిన్న మిరియం ఘాటు తగిలించింది. మొన్న ఏం వేసిందో ఆవిడకి గుర్తు లేదు, బాగుందని మాత్రం గుర్తుంది. నిన్న పక్కకి జరిగిన వీధి తలుపు ఇవాళ పైకి లేచి దారి ఇచ్చింది. గడప దాటగానే చెవిపూసలో ఎవరూ ఎన్నడూ వినని పాట ఒకటి మొదలైంది. అదీ బాగానే ఉంది. ఆ కాలంలో అన్నీ బాగానే ఉండేవి.

ఇదంతా మాటమర చలవ. ఎవరికేం కావాలో నోటితో చెబితే చాలు, ఆ పనికి కావలసిన ఆదేశాలన్నీ అప్పటికప్పుడు రాసుకుని, పని కాగానే చెరిపేసుకునే యంత్రం అది. దాచిపెట్టడం కంటే మళ్ళీ రాయడం సులువు కాబట్టి ఏదీ రెండోసారి అలాగే ఉండదు. ఎవరి కాఫీ వారిది, ఎవరి పాట వారిది. ఒకే బల్ల మీద కూర్చున్న మొగుడూ పెళ్ళాలు కూడా కనుతెరలు తగిలించుకుని చెరో కథ చూసేవారు. యంత్రానికి మనిషి చేత్తో ఆదేశాలు రాయడం ఆగిపోయి నలభై ఏళ్ళు దాటింది.

ఆగిపోయిన ఆ విద్యని పట్టుకుని వేలాడుతున్న కొద్దిమందిలో వకుళ ఒకతె. వయసు యాభై తొమ్మిది. కాకినాడ పాతయంత్రాల భాండాగారంలో పరిశీలకురాలు. వందేళ్ళ కిందటి పర్సనల్ కంప్యూటర్లు, లావుపాటి కీబోర్డులూ ఉబ్బిన తెరలూ ఉన్నవి, పదకొండు ఆవిడ చేతి కింద ఇంకా ప్రాణంతో ఉన్నాయి. వాటితో మాట్లాడాలంటే అసెంబ్లీ భాష రావాలి. మనిషి ఆ భాషలో రాసినదాన్ని యంత్రం మింగగలిగే అంకెలుగా కూర్చిపెట్టే పనిముట్టును పూర్వం అసెంబ్లర్ అనేవారు. వకుళ కూర్పరి అనేది.

భాండాగారంలో అలాంటి కూర్పరులు మూడు మిగిలాయి. పన్నెండేళ్ళుగా ఆవిడ వాటిని పోల్చి చూస్తూ ఒక పుస్తకం రాస్తోంది. చదివేవాళ్ళు నలుగురుంటే గొప్ప. అయినా ఆవిడ ఆ నలుగురి కోసం ప్రతి వాక్యాన్నీ పదిసార్లు దిద్దుకునేది. మూడింటికీ ముద్దుపేర్లు కూడా పెట్టింది. మొదటిది దొరసాని. రాతనంతటినీ రెండుసార్లు చదివి గాని పని మొదలుపెట్టదు, కూర్చినదాంట్లో ఒక్క అంకె వృథా పోదు, తప్పు దొరికితే ఏ వరుసలో ఏ మాటో చూపించి మరీ చీవాట్లు పెడుతుంది. రెండోది గుమాస్తా. అదీ రెండుసార్లు చదువుతుంది కాని మెల్లగా, నసుగుతూ చదువుతుంది. మూడోది తాతబ్బాయి. పైనుంచి కిందకి ఒక్కసారే చదువుతుంది, తిరిగి చూసుకోవడం దాని వంశంలో లేదు. తప్పుంటే "తప్పు" అని ఒక్క మాట అని ఊరుకుంటుంది. ఎక్కడో మనమే వెతుక్కోవాలి. వకుళ పుస్తకంలో దానికి దక్కినవి రెండు పేజీలు, ఆ రెండూ తిట్లే.

ఆ పొద్దున ఆవిడ వెళ్ళేసరికి భాండాగారం మెట్ల మీద నూకరాజు కూర్చుని ఉన్నాడు. కాలవగట్టు పార్కులో ఫౌంటెన్‌ను యాభై ఏళ్ళు తిప్పిన మనిషి. ఎనభై రెండేళ్ళు. రెండు కళ్ళకీ చూపు దాదాపు పోయింది. కొత్త కళ్ళు పెట్టిస్తామని మనవలు అంటూనే ఉన్నారు, ఈ వయసులో కొత్తగా చూడాల్సిందేముందని ఆయన ఒప్పుకోలేదు. ఒళ్ళో గుడ్డలో చుట్టిన పొడుగాటి లెడ్జరు పుస్తకం ఒకటి ఉంది.

ఆయన చెప్పుకున్న సంగతి ఇది. ఆ ఫౌంటెన్‌లో ఇరవై నాలుగు గొట్టాలు. సాయంత్రం ఆరున్నరకి క్యాసెట్టులో నాదస్వరం మొదలవుతుంది, దానికి తగ్గట్టు నీళ్ళు పన్నెండు నిమిషాలు ఆడతాయి. ఆడించేది షెడ్డులో ఉన్న ఒక పాత కంప్యూటరు. రెండేళ్ళ కిందట దానిలో ఆదేశాలు నింపుకున్న చిప్పు కాలిపోయింది. మాటమరని అడిగితే క్షణంలో నీళ్ళు ఆడించింది, అద్భుతంగానూ ఆడించింది. కాని మర్నాడు ఇంకోలా, ఆ మర్నాడు మరోలా. పాతదే కావాలంటే, పాతదానికంటే ఇది మేలని వినయంగా జవాబు చెప్పింది. ఇప్పుడు ఉద్యాన మండలి ఆ గొట్టాలన్నీ పీకించి, ఎవరి కనుతెరకి వారి జలనాట్యం చూపించే మాయామంటపం కట్టాలనుకుంటోంది.

నూకరాజు పట్టుబట్టగా, మండలి అధికారిణి ఇందుకూరి శర్వాణి ఒక గడువు ఇచ్చింది. పాత ఫౌంటెన్ పాత తీరునే పది సాయంత్రాలు ఆడాలి. పదో సాయంత్రం చుట్టూ ఉన్న మెట్లు జనంతో నిండాలి. నిండితే ఉంచుతారు, లేకపోతే పీకేస్తారు. మాటమర ముందే లెక్క కట్టి ఇచ్చింది కూడా. మొదటి రోజు వింతకి వస్తారు, రెండో రోజు సగమౌతారు, నాలుగో రోజుకి పిట్టలే మిగులుతాయి, చూసినదాన్నే చూడటానికి ఎవరూ రారు అని.

"నాకింకేం అక్కర్లేదండి వకుళమ్మగారూ," అన్నాడు నూకరాజు. "నేను పోయేలోపు దాన్ని ఇంకోసారి ఇనాలండి. అది ఆడతన్నప్పుడు నాకు కళ్ళు లేవన్న సంగతే గుర్తుండదండి."

వకుళ లెడ్జరు విప్పింది. సత్యలింగం అనే ఇంజనీరు, ఈ ఫౌంటెన్‌ను మొట్టమొదట ఆడించినవాడు, నీలం సిరాతో ఆదేశాలన్నీ వరసగా రాసుకున్న పుస్తకం అది. ఎంత ముచ్చటైన చేతిరాతో, అంత ముచ్చటైన ఆలోచన. ప్రతి గొట్టానికీ ఒక పేరు, ప్రతి విరామానికీ పక్కన చిన్న వివరణ. ఆవిడకి కళ్ళు చెమర్చాయి. తన విద్యలో తనకంటే గొప్పవాడు వందేళ్ళ కిందట తన ఊళ్ళోనే ఉండేవాడని తెలిస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది.

పుస్తకంలో లేనిది ఒక్కటే. సత్యలింగం దీన్ని ఏ కూర్పరితో కూర్చాడో ఎక్కడా రాసుకోలేదు. వకుళ దాని గురించి ఎక్కువ ఆలోచించలేదు. ఇంత పనివాడు మంచి పనిముట్టే వాడి ఉంటాడు కదా అనుకుంది. మూడు రోజులు కూర్చుని ఆదేశాలన్నీ టైపు చేసి, దొరసానికి అప్పగించింది. దొరసాని రెండుసార్లు చదివి, ఒక్క తప్పూ లేదని తేల్చి, ముత్యాల్లాంటి అంకెలు చేతిలో పెట్టింది. వాటిని కొత్త చిప్పులో నింపి షెడ్డులో బిగించారు.

మొదటి సాయంత్రం జనం బాగానే వచ్చారు. తుంపరకి కనుతెరలు మసకబారుతుంటే తీసి జేబుల్లో వేసుకున్నారు. నూకరాజు క్యాసెట్టు మీటా కంప్యూటరు మీటా ఒక్కసారే నొక్కాడు. నాదస్వరం అందుకుంది, నీళ్ళు లేచాయి. వకుళ ఆనందానికి పట్టపగ్గాలు లేవు. పక్కకి తిరిగి చూస్తే నూకరాజు తల అడ్డంగా ఊపుతున్నాడు.

"నీళ్ళు ముందుకెళ్ళిపోతన్నాయండి," అన్నాడు. "పాట ఎనకుండిపోతంది."

ఆవిడ నమ్మలేదు. ముసలాయన రెండేళ్ళుగా వినకపోవడం వల్ల అలా అనిపిస్తోందనుకుంది. కాని ఐదో నిమిషానికి ఆవిడ చెవులకే తెలిసిపోయింది. సన్నాయి నెమ్మదిగా జారుతుంటే గొట్టాలు ఉరకలేస్తున్నాయి, డోలు ఉరుముతుంటే నీళ్ళు ఊరికే నిలబడ్డాయి. పాట ఇంకా నిమిషం పైగా ఉండగానే ఇరవై నాలుగు గొట్టాలూ ఒక్కసారి పైకెగసి, చప్పున పడిపోయి, ఆరిపోయాయి. ఖాళీ తొట్టి ముందు నాదస్వరం ఒంటరిగా వాయించుకుంటూ ఉంది. జనం నవ్వారు, చెడ్డగా కాదు. లేచి, కనుతెరలు తుడుచుకుని వెళ్ళిపోయారు. శర్వాణి చేతిపలకలో ఏదో రాసుకుంది. ఎంత సిగ్గేసిందంటే, ఆ తొట్టిలోనే దూకుదామా అనిపించింది వకుళకి.

మర్నాడు పొద్దున్నే గుమాస్తాతో కూర్పించి చూసింది. అంకె తేడా లేదు, దొరసాని ఇచ్చినవే ఇచ్చింది. లెడ్జరు తప్పా అని వరస వరసనా వెతికింది, తప్పు లేదు. క్యాసెట్టు సాగిందా అని కొలిచింది, సాగలేదు. మధ్యాహ్నానికి తల వేడెక్కి, భాండాగారంలో ఓ మూల కూర్చున్న నూకరాజు మీద విసుక్కుంది. ఆయనేమీ అనుకోలేదు. యాభై ఏళ్ళు మొండి గొట్టాలతో వేగినవాడికి ఈ మాత్రం విసుగు లెక్కా.

వకుళ తనలో తను గొణుక్కుంటున్నట్టు, ఇంత మంచి కూర్పరి కూర్చినా ఎందుకిలా అయింది, రాతని రెండు డిస్కుల్లో పెట్టుకుని రెండుసార్లు చదివింది కదా అంది.

"డిస్కులాండి?" అన్నాడు నూకరాజు. "మా షెడ్డులో డిస్కు పెట్టెన్నది ఎప్పుడూ లేదండి. సత్యలింగంగారి కాడ్నించీ అన్నీ టేపు మీదేనండి. నాకంటే ముందు చేసినాయన చెప్పేవోడు, మెషీను ఒక్కసారి చదివి ఊరుకునేదంట. తప్పని అంటే సత్యలింగంగారు రోజల్లా ఎతుక్కునేవోరంట."

వకుళ చేతిలో కలం కింద పెట్టేసింది. ఒక్కసారి చదివి, తప్పని ఊరుకునేది ఈ భూమ్మీద ఒకటే ఉంది.

తాతబ్బాయి చేత కూర్పించడానికి అరగంట పట్టింది. వచ్చిన అంకెల్ని దొరసాని అంకెల పక్కన పెట్టి చూస్తే విషయం విప్పి చెప్పినట్టు బోధపడింది. ఆ కంప్యూటరులో అంకెలు దాచుకోవడానికి దగ్గర అర ఒకటి, దూరపు కొట్టు ఒకటి ఉంటాయి. దగ్గర అరకి పొట్టి చిరునామా చాలు, కొట్టుకి పూర్తి చిరునామా రాయాలి. సత్యలింగం తన లెక్కల గడులన్నిటినీ దగ్గర అరలోనే పెట్టాడు కాని, ఏ పేరు గడి ఎక్కడుందో లెడ్జరు ఆఖరి పేజీలో రాశాడు. దొరసానీ గుమాస్తా ఒకసారి చివరిదాకా చదివి వస్తాయి కాబట్టి పొట్టి చిరునామా వేశాయి. తాతబ్బాయికి ముందు పేజీలో ఉండగా ఆఖరి పేజీ సంగతి ఏం తెలుస్తుంది. ఎందుకైనా మంచిదని ప్రతిచోటా పూర్తి చిరునామా రాసేసింది, పక్కింటివాళ్ళకి కూడా జిల్లా, పిన్‌కోడుతో సహా ఉత్తరం రాసే పెద్దమనిషిలాగ. పూర్తి చిరునామా చదవడానికి యంత్రానికి రవ్వంత ఎక్కువ సేపు పడుతుంది. నీళ్ళు ఆగవలసిన ప్రతి విరామంలోనూ ఆ గడులనే వేలసార్లు చదవాలి. ఆ రవ్వంతలన్నీ కూడి పన్నెండు నిమిషాల్లో నిమిషం పైచిలుకు తేలుతుంది.

సత్యలింగం ఆ ఆలస్యాన్ని ఎరిగి, చెవితో విని, పాటకి సరిపోయేదాకా విరామాలు దిద్దుకున్నాడు. ఆయన చేతిలో పనిముట్టు నిదానం కూడా నాట్యంలో ఒక భాగమైపోయింది. పన్నెండేళ్ళుగా తాను లోపమని ముద్రవేసినది అదే. వకుళకి కోపం వచ్చింది, ఆ వెంటనే నవ్వు వచ్చింది. మూడు పనిముట్లని పోల్చడమంటే ఏది చురుకైనదో, ఏది పొదుపైనదో చూడటమని అనుకుంది గాని, ఎవరు ఎవరితో కలిసి పని చేశారన్నది పోల్చవలసిన విషయమని తనకి తట్టలేదు. ఆ మాటే నూకరాజుతో చెప్పి, విసుక్కున్నందుకు ఏమీ అనుకోవద్దంది.

రెండో సాయంత్రం మెట్ల మీద పాతికమంది కూడా లేరు. నాదస్వరం అందుకుంది. మొదటి గొట్టం లేవగానే నూకరాజు మొహం ఎత్తాడు. తుంపర మొహాన పడుతుంటే తుడుచుకోలేదు. వకుళ ఆయన్నే చూస్తూ కూర్చుంది. డోలు ఉరిమినచోట నీళ్ళు ఉరిమాయి. సన్నాయి ఊపిరి తీసుకున్నచోట ఇరవై నాలుగు గొట్టాలూ ఊపిరి బిగబట్టాయి. ఆఖరి దెబ్బకి నీళ్ళు నడిమింటికి ఎగసి, పాటతో పాటు కిందకి దిగాయి.

"ఇదేనండి," అన్నాడు నూకరాజు. "ఇదే అది."

వకుళకి ఎంతో సంతోషం కలిగింది. ఆ సంతోషం మర్నాటికి సగమైంది. మాటమర లెక్క పొల్లుపోలేదు. మూడో రోజు పద్నాలుగుమంది. నాలుగో రోజు తొమ్మిది, అందులో ఇద్దరు వానకి తలదాచుకోవడానికి షెడ్డు పంచన నిలబడ్డవాళ్ళు. శర్వాణి రోజూ వచ్చి తలలు లెక్కపెట్టుకునేది. ముప్పై ఐదేళ్ళ మనిషి, పనిలో ఖచ్చితం, ఎవరి మీదా కసి లేదు. కొత్తదనం లేనిచోటికి జనం ఎందుకొస్తారు వకుళగారూ అని ఒకసారి జాలిగా అడిగింది కూడా. వకుళకీ అదే భయం. నూకరాజుకి మాత్రం లెక్కలు పట్టలేదు. ఆయన మీట నొక్కడం, వినడం, ఇంటికెళ్ళి కడుపునిండా తినడం.

ఐదో రోజు ఒక సంగతి జరిగింది. మొదటినుంచీ మానకుండా వస్తున్న మంగాయమ్మ అనే కుట్టుపనావిడ తన చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చింది. నాలుగో నిమిషంలో నీళ్ళన్నీ ఆగిపోతే, చెల్లెలు ఆట అయిపోయిందనుకుని లేవబోతుంటే మంగాయమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఉండవే, ఇప్పుడు ఎడమపక్క లేస్తాది, సూడు."

ఎడమపక్క లేచింది. చెల్లెలు తెల్లబోయి అక్క మొహంలోకి చూసింది, ఆ నీళ్ళని అక్కే లేపిందన్నట్టు. మంగాయమ్మ మొహం వెలిగిపోయింది.

ఇందులో ఏముంది అని మనకి అనిపించవచ్చు. కాని ఆ కాలంలో అలా అనగల అవకాశం ఎవరికీ ఉండేది కాదు. ఎవరి దృశ్యం వారిది అయినప్పుడు, రేపటి దృశ్యం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియనప్పుడు, పక్కవాడి మోచెయ్యి తట్టి ఇప్పుడు చూడు అనడమెలా. మాటమర ప్రతివాడికీ కొత్తదనం ఇచ్చింది గాని, తెలిసినదాన్ని తెలియనివాడికి చూపించడంలో ఉండే గొప్పని ఎవరికీ మిగల్చలేదు. అది కావాలని దాన్ని ఎవరూ అడగలేదు. లేదన్న సంగతే ఎవరికీ తెలియదు.

ఆరో రోజు చెల్లెలు తన మొగుణ్ణీ అత్తగారినీ తెచ్చింది. నాలుగో నిమిషంలో అత్తగారికి ముందుగా చెప్పింది ఆవిడే. వానకి తలదాచుకున్న ఇద్దరూ తమ తమ వాళ్ళతో వచ్చారు. ఏడో రోజుకి కింద మెట్లు నిండాయి. ఎనిమిదో రోజున మెట్ల మీద సగంమంది ఆట తెలిసినవాళ్ళు, సగంమంది తెలియనివాళ్ళు. నీళ్ళు ఆగగానే ఇప్పుడు చూడండి ఇప్పుడు చూడండి అన్న గుసగుస మెట్ల పొడుగునా పాకింది. తప్పు చెప్పి నాలిక్కరుచుకున్నవాళ్ళూ ఉన్నారు. దానికి నవ్వులు.

వకుళ ఆ సాయంత్రాల్లో ఇంటికి వెళ్ళి తన పుస్తకంలో తాతబ్బాయి అధ్యాయం తిరగరాసింది. రెండు పేజీలు నలభై అయ్యాయి. తిట్లన్నీ తీసెయ్యలేదు, తప్పు ఎక్కడుందో చెప్పకపోవడం తప్పేనని ఉంచింది.

పదో సాయంత్రం ఆరు కాకుండానే మెట్లన్నీ నిండి, జనం కాలవగట్టు మీద కూడా నిలబడ్డారు. శర్వాణి వచ్చేసరికి చోటు లేక, నూకరాజు తన బల్ల మీదే జరిగి ఆవిడకి చోటిచ్చాడు. ఇవతల వకుళ, నడుమ నూకరాజు, అవతల శర్వాణి. ఆవిడ చేతిపలక తెరవలేదు. తలలు లెక్కపెట్టే అవసరం లేదని కళ్ళకే కనిపిస్తోంది. కనుతెర ఎప్పుడో తీసి సంచిలో వేసుకుంది.

నూకరాజు రెండు మీటలూ నొక్కి వెనక్కి వాలాడు. నాదస్వరం సాగింది, నీళ్ళు ఆడాయి, ఆగాయి, ఎడమపక్కనించి లేచాయి. జనం అందరూ ఒక్కసారి ఆహా అన్నారు. పదో నిమిషం దగ్గర పాట సన్నగిల్లి, దాదాపు వినపడకుండా పోయే ఘట్టం ఒకటి ఉంది. అక్కడ తొట్టి చుట్టూ ఉన్న గొట్టాలన్నీ ఒక్కొక్కటే నిద్రపోతాయి.

శర్వాణి అప్పుడు కాస్త ముందుకి వంగింది. పది రోజులుగా లోపల దాచుకున్నదేదో ఇక ఆపుకోలేనట్టు, పక్కనున్న ముసలాయన మోచెయ్యి మెల్లగా తట్టింది.

"తాతగారూ, ఇప్పుడు నడిమి గొట్టం లేస్తుంది. ఒక్కటే లేస్తుంది. వినండి," అంది.

వకుళ గభాలున ఆవిడకేసి చూసింది. ఆ మాట ఎవరితో అంటోందో ఆ అమ్మాయికి ఆ క్షణంలో గుర్తు లేదు. యాభై ఏళ్ళు, రోజుకొక్కసారి చొప్పున, ఆ నడిమి గొట్టం లేవడం విన్న మనిషి ఆయన.

నూకరాజు ఆవిడ వైపు తల తిప్పాడు.

"అలాగామ్మా?" అన్నాడు, మొట్టమొదటిసారి వింటున్నవాడిలాగ, ఎంతో ఆశగా.

నడిమి గొట్టం లేచింది. శర్వాణి సంతోషంతో ఆయన చెయ్యి వదలడం మరిచిపోయింది. ఆయన విడిపించుకోలేదు. పాట అయ్యేవరకూ ముగ్గురూ ఆ బల్ల మీద అలాగే కూర్చున్నారు.